మట్టి గోడ నుంచి తేలిక క్యాలిపర్ దాకా

కోయిలకుంట్ల ప్రాంతంలో నల్లరేగడి నేలలు ఎక్కువ. వాన పడితే ఆ మట్టి కాలికి అంటుకుని వదలదు. ఎండ కాస్తే అదే మట్టి నెర్రెలు విడుస్తుంది. రేగడి అంత కాకపోయినా మట్టి ఏదైనా ఆరేటప్పుడు కొంత ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు పగులుతుంది.

మరి మట్టి గోడలు ఇన్నేళ్ళు ఎలా నిలిచాయి? ఇంట్లో పెద్ద అవ్వను అడిగి చూడండి. "మట్టిలో గడ్డి ఎయ్యాల. గడ్డి లేకుంటే గోడ నెర్రెలిస్తాది" అంటుంది.

అవ్వ చెప్పింది నిజం. గోడకు మట్టి కలిపేటప్పుడు గడ్డిని చిన్న ముక్కలు చేసి వేస్తారు. నీళ్ళు పోసి కాళ్ళతో బాగా తొక్కుతారు. గడ్డిపోచలు మట్టిలో అటూ ఇటూ అన్ని వైపులా అల్లుకుంటాయి. గోడ ఆరేటప్పుడు ఎక్కడో సన్నని పగులు మొదలవుతుంది. అది గడ్డిపోచ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది.

ఉత్త గడ్డితో గోడ లేవదు. ఉత్త మట్టితో గోడ ఆగదు. రెండూ కలిస్తే ఇల్లు నిలుస్తుంది.

చేటను కూడా చూడండి. వెదురు బద్దల అల్లికకు సందులు ఉంటాయి. చిన్న గింజలు, పిండి ఆ సందుల్లోంచి జారిపోతాయి. అందుకని పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, ఆ గుజ్జుతో చేటను అలుకుతారు. వెదురు బలం ఇస్తుంది. గుజ్జు సందులు మూస్తుంది. కందికట్టె తడికకు పేడ, మట్టి కలిపి మెత్తడం కూడా ఇలాంటిదే.

ఇలా రెండు వేరు వేరు వస్తువులు జత కూడి, విడిగా ఏ ఒక్కటీ చేయలేని పని చేస్తే, దాన్ని మిశ్రమ పదార్థం అంటారు. ఇంగ్లీషు పేరు కాంపోజిట్. పాలలో చక్కెర కలిపితే చక్కెర కరిగిపోతుంది, ఇక కనపడదు. రాగి, తుత్తునాగం కరిగించి కలిపితే ఇత్తడి అవుతుంది. అందులో రాగి ఏదో, తుత్తునాగం ఏదో కంటికి తెలియదు. మిశ్రమ పదార్థం అలాంటిది కాదు. గోడ విరిగిన చోట చూస్తే గడ్డి గడ్డిలాగే ఉంటుంది, మట్టి మట్టిలాగే ఉంటుంది. ఒకటి నార. ఇంకొకటి బంక. నార లాగుడును తట్టుకుంటుంది. బంక ఆ నారను కదలకుండా పట్టుకుంటుంది.

కడ్డీ కిందనా, పైనా?

రెండు వస్తువులు కలిపితే చాలదు. ఏది ఎక్కడ ఉండాలో తెలియాలి. ఇది తెలియడానికి ఒక నాపరాయి బండ చాలు. మన ప్రాంతంలో సున్నపురాతికి కొదవ లేదు. భూమి పొరలను చదివే శాస్త్రజ్ఞులు ఇక్కడి ఒక రకం రాతికి కోయిలకుంట్ల సున్నపురాయి అనే పేరే పెట్టారు.

నాపరాయి బండను నేల మీద పరిస్తే దాని మీద ఎంత బరువు పెట్టినా ఓర్చుకుంటుంది. అదే బండను రెండు రాళ్ళ మీద వంతెనలాగా పెట్టి, నడుమ నిలబడితే టక్కున విరగవచ్చు. ఎందుకు? బరువు పడినప్పుడు బండ కొంచెం వంగబోతుంది. అప్పుడు పై వైపు నొక్కుకుంటుంది. కింది వైపు సాగుతుంది. రాయి నొక్కుడును తట్టుకుంటుంది కాని సాగుడును తట్టుకోలేదు. కింది వైపు పగులు పుట్టి పైకి పాకుతుంది.

సిమెంటు కాంక్రీటు కూడా రాయి లాంటిదే. అందుకే ఇంటి స్లాబులో ఇనుప కడ్డీలు పెడతారు. గోడ నుంచి గోడ దాకా ఉన్న స్లాబు నడుమ భాగంలో కడ్డీలు కింది వైపు ఉంటాయి. సాగేది కింది వైపు కదా! అక్కడ ఇనుము లాగుడును తట్టుకుంటుంది.

మరి కిటికీ మీద గోడ నుంచి బయటికి వచ్చే సజ్జ సంగతి ఏమిటి? దానికి ఒక వైపే ఆధారం. రెండో వైపు గాలిలో ఉంది. బరువు పడితే దాని కొన కిందికి వంగుతుంది. అప్పుడు సాగేది పై వైపు. అందుకని సజ్జలో ముఖ్యమైన కడ్డీలు పై వైపు ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు తట్టలు మోసేవాళ్ళు తొక్కితే ఆ కడ్డీలు కిందికి దిగిపోతాయి. అలా దిగిపోయిన సజ్జ సెంట్రింగు విప్పగానే కూలవచ్చు. అదే ఇనుము, అదే సిమెంటు, అదే ఖర్చు. కడ్డీ చోటు మారింది, అంతే. కాంక్రీటు పనికి వెళ్ళే ఆడవాళ్ళు మేస్త్రీని ఈ మాట అడగవచ్చు. కింద నిలబడి పని చేసేది వాళ్ళే కదా.

వస్తువుకు బరువు ఎక్కడ పడుతుంది, ఎటు వంగుతుంది అని ముందే ఆలోచించి నారను ఆ చోట పెట్టడమే ఈ పనిలో అసలు తెలివి. దీన్నే డిజైన్ అంటారు.

గాజుతో నార, బొగ్గుతో నార

గాజు గిన్నె కింద పడితే పగులుతుంది. కాని గాజును కరిగించి, సన్నని రంధ్రాల గుండా లాగితే వెంట్రుక కంటే సన్నని పోగులు వస్తాయి. ఆ పోగు వంగుతుంది, చుట్టుకుంటుంది. లాగితే అంత తేలికగా తెగదు. ఈ పోగులతో బట్ట నేస్తారు. దీన్నే ఫైబర్ గ్లాసు అంటారు.

బొగ్గు నార ఇంకా బలమైనది. బొగ్గుల బట్టీలో కట్టెలకు గాలి సరిగా తగలకుండా మట్టి కప్పి కాలుస్తారు. కట్టె బూడిద కాకుండా బొగ్గు అవుతుంది. ఒక రకం ప్లాస్టిక్ దారాన్ని కూడా చాలా జాగ్రత్తగా ఇలాంటి పద్ధతిలోనే కాలుస్తారు. నల్లని దారం మిగులుతుంది. అదే కార్బన్ నార. బరువు తక్కువ, బలం ఎక్కువ, ధర మాత్రం బాగా ఎక్కువ.

ఫైబర్ గ్లాసుతో వస్తువు చేసే తీరు బొంత కుట్టడం లాగా ఉంటుంది. ముందు అచ్చు కావాలి. అచ్చుకు మైనం పూస్తారు. లేకపోతే వస్తువు అచ్చుకు అంటుకుపోతుంది. తర్వాత రెజిన్ అనే చిక్కటి బంక పూస్తారు. దాని మీద గాజు బట్ట పరుస్తారు. మళ్ళీ బంక, మళ్ళీ బట్ట. ఒక పొరలో పోగులు నిలువుగా ఉంటే ఇంకో పొరలో అడ్డంగా, మరో పొరలో ఏటవాలుగా పరుస్తారు. అప్పుడు ఎటు లాగినా బలం ఉంటుంది.

బంకలో ముందే గట్టిపరిచే మందు కలుపుతారు. పాలలో తోడు వేసినట్టు అది కొంచెమే పడాలి. ఎక్కువైతే బంక వేడెక్కి తొందరగా గట్టిపడుతుంది, పగుళ్ళు వస్తాయి. తక్కువైతే జిగటగానే ఉండిపోతుంది. ప్రతి పొర మీద రోలరు తిప్పి గాలి బుడగలు వెళ్ళగొడతారు. బుడగ ఉన్న చోట బంక లేదు. బంక లేని చోట నారకు పట్టు లేదు. పైకి నున్నగా కనిపించినా వస్తువు అక్కడే విరుగుతుంది.

పడవలు, బస్సుల ముందు భాగాలు, కొన్ని రకాల హెల్మెట్లు ఇలా చేస్తారు. అనంతపురం, కర్నూలు జిల్లాల కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి కదా. తాటిచెట్టు కంటే పొడవైన ఆ రెక్కలు గాజు నార, రెజిన్ కలిపి చేసినవే. అంత పొడవు రెక్కను ఇనుముతో చేస్తే దాని బరువును అదే మోయలేదు.

ఆసుపత్రికి వెళ్ళిన క్షిపణి వస్తువు

ఈ నార, బంకల విద్య పిల్లల కాళ్ళకు పనికొచ్చిన కథ హైదరాబాదులో జరిగింది.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లో డి.ఆర్.డి.ఎల్. అనే రక్షణ పరిశోధన సంస్థ ఉంది. దేశానికి కావలసిన క్షిపణులను అక్కడ తయారు చేస్తారు. 1982లో ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు ఆ సంస్థకు అధిపతిగా వచ్చారు. తర్వాత 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతిగా ఉన్నది ఆయనే. 2015లో చనిపోయారు.

అక్కడ అగ్ని అనే క్షిపణి తయారైంది. 1989 మే 22న దాన్ని మొదటిసారి ప్రయోగించారు. క్షిపణి చాలా ఎత్తుకు పోయి మళ్ళీ గాలిలోకి దిగేటప్పుడు గాలి రాపిడికి దాని మూతి భగభగ మండిపోతుంది. వేడి వేల డిగ్రీలకు చేరుతుంది. ఇనుము దానికి ఆగదు. కార్బన్ నారను కార్బన్‌తోనే అతికించిన ఒక మిశ్రమ పదార్థాన్ని అందుకోసం తయారు చేశారు. అది వేడికి ఆగుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువే అనిపించదు.

ఒకసారి నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నుంచి, అంటే నిమ్స్ ఆసుపత్రి నుంచి, ఎముకల డాక్టరు ఒకరు ఆ ప్రయోగశాలకు వచ్చారు. ఆ తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ చిన్న చిన్న పిల్లలు ఉన్నారు. కాళ్ళకు ఇనుప క్యాలిపర్లు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైనే. పిల్లలు కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఈ పిల్లల బాధ తగ్గించలేరా అని డాక్టరు అడిగారు.

మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారు చేసి ఆసుపత్రికి తీసుకుపోయామని కలాం గారు తర్వాత చాలా సభల్లో చెప్పారు. పిల్లలు తమ కళ్ళను తామే నమ్మలేదట. తల్లిదండ్రులకు కళ్ళనీళ్ళు తిరిగాయట. తనకు ఎంతో ఆనందం ఇచ్చిన పనుల్లో ఇది ఒకటని ఆయన చెప్పేవారు.

మూడు కిలోలకు, 300 గ్రాములకు తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. ఒక పాప ఇంటి నుంచి బడికి పోవడానికి ఒక్కో కాలితో 500 అడుగులు వేస్తుంది అనుకుందాం. అడుగు అడుగుకూ ఆ కాలు మూడు కిలోలు లేపాలి. 500 సార్లు 3 కిలోలు అంటే 1500 కిలోలు. అంటే 15 క్వింటాళ్ళు! బడికి చేరేలోపు ఒక్క కాలు 15 క్వింటాళ్ళు లేపినట్టు. అదీ బలం లేని కాలు. 300 గ్రాముల క్యాలిపర్ అయితే అదే దారికి 150 కిలోలు. పదో వంతు. ఇనుప క్యాలిపర్ వేసుకున్న పిల్ల బడి మానేస్తే "దీనికి చదువు మీద ఇష్టం లేదు" అనడం ఎంత తేలికో! కాలికి కట్టిన బరువును తూచి చూసేవారు తక్కువ.

నేలే తోడుగా నిలబెడుతుంది

ఆ తేలిక క్యాలిపర్ పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. పేరు పెద్దది, సంగతి చిన్నది. మనం నేలను కాలితో నొక్కితే, నేల కూడా మన కాలిని తిరిగి పైకి తోస్తుంది. ఆ తోపుడునే ఈ పట్టీ వాడుకుంటుంది.

పోలియో వచ్చిన కొందరు తొడ మీద చెయ్యి పెట్టి నొక్కుకుంటూ నడవడం మీరు చూసి ఉంటారు. తొడ కండరాలకు బలం లేక మోకాలు ముందుకు మడిచి పడిపోతుంది. పడకుండా వాళ్ళు చేత్తో మోకాలిని వెనక్కి తోసుకుంటారు. ఈ పట్టీ ఆ చెయ్యి చేసే పనే చేస్తుంది. పట్టీకి కింద చెప్పు లాంటి భాగం ఉంటుంది. అక్కడి నుంచి కాలి వెంట పైకి వచ్చి, మోకాలికి కొంచెం దిగువన ముందు వైపు వెడల్పుగా ఆనుకుని ఉంటుంది. చీలమండ దగ్గర అది వంగదు. పాప అడుగు వేసి ముందు పాదం మీద ఆనగానే నేల పైకి తోస్తుంది. పట్టీ వంగదు కాబట్టి ఆ తోపుడు పైదాకా వచ్చి మోకాలి దిగువన వెనక్కి నొక్కుతుంది. మోకాలు నిలబడుతుంది. చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేత్తో పాప పుస్తకాలు పట్టుకోవచ్చు.

ఇప్పుడు పట్టీ ఎలా ఉండాలో చూడండి. చీలమండ దగ్గర అసలు వంగకూడదు. అక్కడ పట్టీ మందంగా, నార ఎక్కువగా ఉండాలి. పైన కాలిని పట్టే చోట పలచగా ఉన్నా చాలు. అంతా ఒకే మందం చేస్తే బరువు పెరుగుతుంది. అంతా పలచన చేస్తే చీలమండ దగ్గర విరుగుతుంది. సజ్జలో కడ్డీ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇదీ అదే లెక్క.

చేసే తీరు ఇలా ఉంటుంది. ముందు పాప కాలికి పిండికట్టు వేస్తారు. గట్టిపడ్డాక జాగ్రత్తగా కోసి తీస్తారు. ఆ డొల్లలో పిండి కలిపి పోస్తే అచ్చం పాప కాలు లాంటి బొమ్మకాలు వస్తుంది. ఎముక పొడుచుకుని ఉండే చోట్ల బొమ్మకాలి మీద ఇంకొంచెం పిండి అద్దుతారు. అప్పుడు పట్టీ అక్కడ ఒత్తుకోకుండా సందు ఉంటుంది. తర్వాత బొమ్మకాలి మీద పదార్థాన్ని బిగుతుగా పరిచి గట్టిపరుస్తారు. అంచులు కోసి నున్నగా చేస్తారు. బిగించే పట్టాలు కుడతారు. ఇందులో క్షిపణి విద్య కొంత ఉంటే, దర్జీ విద్య కొంత ఉంది. కొలత తప్పితే ఎంత గొప్ప పదార్థమైనా కాలిని కోస్తుంది.

ఈ పట్టీ అందరికీ పనికిరాదు. మోకాలు వంకర తిరిగి బిగుసుకుపోయిన వారికి, తొడ బలం పూర్తిగా పోయిన వారికి తొడ దాకా వచ్చే పొడవు క్యాలిపరే కావాలి. ఎవరికి ఏది అన్నది డాక్టరు కాలు పట్టి చూసి చెప్పాలి.

పోలియో ఇప్పుడు మన దేశంలో లేదు. 1995లో పల్స్ పోలియో చుక్కలు మొదలయ్యాయి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చింది. అదే చివరిది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. అయినా పక్క దేశాల్లో జబ్బు ఉంది కాబట్టి చుక్కలు మానకూడదు. అప్పట్లో పోలియో వచ్చిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళు. వాళ్ళకు క్యాలిపర్లు ఇంకా కావాలి. పుట్టుకతోనే మెదడుకు దెబ్బ తగిలి కాళ్ళు బిగుసుకున్న పిల్లలకూ పట్టీలు కావాలి.

దుమ్ముతో జాగ్రత్త

ఈ పదార్థాలకు మంచితో పాటు చెడు కూడా ఉంది. ఇళ్ళ మీద వేసే సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తెలుగులో రాతినార అంటారు. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు దీన్ని గనుల్లో తవ్వేవారు. సిమెంటు బంక, రాతినార నార. రేకు కదలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. రంపంతో కోసినా, రంధ్రం వేసినా, పగలగొట్టినా కంటికి కనపడని నార గాలిలో లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆయాసం, క్యాన్సర్ రావచ్చు. అందుకే చాలా దేశాలు దీన్ని నిషేధించాయి. పగిలిన రేకు ముక్కలు తీయాలంటే ముందు నీళ్ళు చల్లి తడపాలి. పొడి చీపురుతో ఊడవకూడదు. పిల్లలను ఆ చోటికి రానీయకూడదు.

గాజు నార పని చేసేవారికి ఒళ్ళంతా దురద పుడుతుంది. రెజిన్ వాసనకు తల తిరుగుతుంది. గట్టిపరిచే మందు కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆ పనికి పోయే ఆడవాళ్ళు చేతి తొడుగులు, ముక్కు గుడ్డ, కళ్ళద్దాలు ఇవ్వమని యజమానిని అడగాలి. గాలి ఆడే చోటే పని చేయాలి.

పట్టీ ఉన్న ఇంట్లో

క్యాలిపర్ కావాలంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించాలి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు సదరం శిబిరాల్లో సర్టిఫికెట్ ఇస్తారు. క్యాలిపర్లు, చేతికర్రలు, మూడు చక్రాల బండ్లు చేయడానికి కేంద్ర ప్రభుత్వం కాన్పూరులో ఆలిమ్‌కో అనే ఫ్యాక్టరీని 1972లో పెట్టింది. ఆదాయం తక్కువ ఉన్నవారికి శిబిరాల్లో ఇలాంటివి ఉచితంగా ఇస్తారు.

పట్టీ వచ్చాక పని అయిపోలేదు. కాలికి నూలు మేజోడు వేసి, దాని మీద పట్టీ వేయాలి. మొదట్లో రోజూ కొద్దిసేపే వేసి, మెల్లగా సమయం పెంచాలి. రాత్రి పట్టీ తీసి కాలంతా తడిమి చూడాలి. ఎర్రగా కందిన చోటు అరగంటలో మామూలు కాకపోతే పట్టీ అక్కడ ఒత్తుతోందని అర్థం. స్పర్శ లేని కాలైతే పాపకు నొప్పి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఒత్తే చోటును ఇంట్లో కత్తితో గీకకూడదు. నార తెగితే పట్టీ బలం పోతుంది. చేసినవారి దగ్గరికే తీసుకుపోవాలి.

తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. పొయ్యి పక్కన, మిద్దె మీద ఎండలో పెట్టకూడదు. ప్లాస్టిక్ బంక వేడికి మెత్తబడి వంకర పోతుంది. పిల్లలు ఎదుగుతారు, పట్టీ ఎదగదు. చెప్పులు బిగుతైనప్పుడు పట్టీ కూడా బిగుతైనట్టే. ఆసుపత్రిలో పాత కొలతకే కొత్త పట్టీ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కాలికి మళ్ళీ పిండికట్టు వేసి కొత్త కొలత తీయమని అడగండి.